రైళ్లు లేని దేశంలో మేం కట్టిన స్టేషన్

"సాల్మియాలో కొత్త రెస్టారెంటు. లోపల జపాన్ రైల్వే స్టేషన్ మాదిరి కావాలంట" అన్నాడు మా ముదీర్, బండి స్టార్ట్ చేస్తూ.

ముదీర్ అంటే మా వడ్రంగి షాపు మేనేజరు. సిరియా మనిషి. అరబ్బీలో మొదలుపెట్టి హిందీలో ముగించడం ఆయన అలవాటు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఈ కువైట్ దేశంలో రైలే లేదు, స్టేషన్ ఎందుకని ఇద్దరికీ అనిపించింది.

నాది రాజంపేట దగ్గర పల్లె. మా నాయన వడ్రంగి. షువైఖ్‌లో ఆ షాపులో చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. వంటింటి అల్మారాలు, మగవాళ్లు కూడి కబుర్లాడుకునే దీవానియాలకు బల్లలు, విల్లాలకు తలుపులు మా రోజువారీ పని. అప్పుడప్పుడూ ఇట్లాంటి వేషాల పని కూడా వచ్చేది. ఒక కాఫీ షాపుకు ఓడ ముక్కు చేశాం. ఒక పెళ్లి హాలుకు కోట బురుజు చేశాం. అన్నీ ప్లైవుడ్డే. పైన రంగు కొడితే దూరానికి రాయిలాగానో ఇనుములాగానో కనిపిస్తుంది, వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. స్టేషన్ పని కూడా అట్లాగే తేలిపోతుందనుకుని, కొలతల టేపు జేబులో వేసుకుని వెళ్లాను.

సముద్రం ఎదురుగా ఉన్న భవనంలో కింది అంతస్తు అది. సిమెంటు నేల, పైన ఏసీ గొట్టాలు తప్ప లోపల ఏమీ లేవు. ఆ ఖాళీ హాలు నడుమ ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు కువైటీ మేడమ్. నలభై దాటి ఉంటాయి, గలగలా మాట్లాడే మనిషి. చదువుకునే రోజుల్లో జపాన్‌లో ఉండి వచ్చిందట. రెండోవాడు బక్కపలచని జపాన్ మనిషి, గుండు, తెల్ల చొక్కా. మొదట్లో మిష్రిఫ్‌లో ఆమె ఇంటి విందులకు వండేవాడు. తిన్నవాళ్లంతా హోటల్ పెట్టమని వెంటపడితే ఇద్దరూ కలిసి ఈ రెస్టారెంటు మొదలుపెట్టారు.

"హోటల్ ఎట్లా ఉండాలని నేను ఈయన్నే అడిగాను" అంది మేడమ్. "ఎక్కడైనా వండుతా, కానీ నన్నడిగితే మా ఊరి స్టేషన్‌లో వండుతా అన్నాడు."

షెఫ్ తన ఫోను నా చేతిలో పెట్టాడు. కొన్ని పాత ఫొటోలు. ఒక చిన్న చెక్క కట్టడం, నల్లటి పెంకులు, వాకిలి ముందు పూల కుండీలు. ఒక ఫొటోలో నడుముకు తెల్లగుడ్డ కట్టుకున్న పొట్టి ఆవిడ, మెడకు వేలాడేసుకున్న పళ్లెంలో అన్నం డబ్బాలు పేర్చుకుని, రైలు కిటికీలోకి ఒకటి అందిస్తూ ఉంది.

"మా అమ్మ" అన్నాడు.

"ప్లాను ఉందా? డ్రాయింగు?" అని అడిగాను.

"లేదు. వెతికించాం. ఎవరి దగ్గరా లేదు."

"పోనీ, అక్కడ ఎవరినైనా పంపి కొలతలు తెప్పించండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "స్టేషన్ లేదు. కూల్చేశారు. ఇప్పుడు అక్కడ బస్ స్టాపు మాదిరి రేకుల షెడ్డు ఉంది." మళ్లీ అన్నాడు, "ఇంకో మాట. ప్లైవుడ్ వద్దు."

ముదీర్ నా వైపు చూశాడు. నేను ఫొటో వైపే చూస్తూ ఉండిపోయాను. మా నాయన పోయాక, దూలానికి దూలం కలిపి ఒక కప్పు లేపే పని నా చేతికి రాలేదు. చేయాలన్న కోరిక మాత్రం ఎక్కడో ఉన్నట్టుంది. "చేస్తాం" అన్న మాట ముదీర్ కంటే ముందు నా నోట్లోంచే వచ్చింది.

ఆ సాయంత్రం హవల్లీలో మా రూముకొచ్చి, పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్న నా రూమ్మేటుకు ఈ కథంతా చెప్పాను. అతనిది రాయచోటి. మా షాపులోనే పెయింటరు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు.

"లేని స్టేషన్ను కట్టాల్నా? అది గూడా చూసొచ్చినోడు ఒక్కడే ఉండాడా?" అన్నాడు కత్తి పక్కన పెట్టి. "ఏందన్నా నువ్వు, అడగంగానే ఒప్పుకొని వస్తివి! మా రాయచోటికి ఇంతవరకూ రైలే రాల్యా. నన్ను పోయి జపానోళ్ల స్టేషన్‌కు రంగెయ్యమంటావు."

"నువ్వు రాకపోతే ఇంకెవరినన్నా అడుగుతాలే."

"రానని అన్న్యానా? దాని కథేందో చూద్దాం పా" అన్నాడు.

మర్నాటి నుంచి కొలతలు మొదలుపెట్టాం. కొలవడానికి కట్టడం లేదు కాబట్టి షెఫ్‌నే కొలవాల్సి వచ్చింది. టికెట్ కిటికీ ఎంత ఎత్తులో ఉండేదంటే ఆయనకు అంకె తెలియదు. చిన్నప్పుడు మడమలు ఎత్తి నిలబడితే గడ్డం దాని చెక్కకు ఆనేదని మాత్రం తెలుసు. అప్పుడు నీ ఎత్తు ఎంత అంటే, మోకాళ్ల మీద కూర్చుని, నడుము కొంచెం పైకి లేపి, "ఇంత" అన్నాడు. నేను ఆయన గడ్డం కింద టేపు పట్టాను. పెయింటరు గోడ మీద సుద్దతో గీత గీశాడు. బల్ల ఎంత వెడల్పంటే, వాళ్ల నాన్న ఒడిలో తల పెట్టుకుని పడుకుంటే వీపు సరిపోయి ఒక చెయ్యి కిందికి వేలాడేదట. సిమెంటు నేల మీద పడుకుని చెయ్యి వేలాడేసి చూపించాడు. మేడమ్ అప్పుడే లోపలికి వచ్చి, ఆయన నేల మీద వెల్లకిలా ఉండటం, నేను భుజం దగ్గర టేపు పెట్టి ఉండటం చూసి హడలిపోయింది. విషయం తెలిశాక ఆవిడ నవ్వు హాలంతా మోగింది.

మాటకు ఇబ్బంది లేకపోయింది. ఆయనకు కొంత అరబ్బీ వచ్చు, వంటవాళ్ల దగ్గర పట్టిన హిందీ వచ్చు, కాస్త ఇంగ్లీషు వచ్చు. మాదీ అదే కిచిడీ. కొలతకొక సంగతి చొప్పున ఆ స్టేషన్ చరిత్ర మొత్తం మాకు చెప్పాడు.

కొండల మధ్య ఊరు వాళ్లది. అడవిలో దేవదారు కలప. దాన్ని కిందికి దించడానికి లోయలోకి లైను వేశారు. స్టేషన్‌కని రైల్వే వాళ్లు ఇచ్చింది జాగా మాత్రమేనట. ఊరి జనమే దుంగలు తెచ్చి ఇచ్చారు, గుళ్లు కట్టే వడ్రంగులే దాన్ని కట్టారు. అందుకే అంత చిన్న కట్టడానికి కూడా గుడి మంటపంలో ఉన్నట్టు అతుకులు ఉండేవి, పైకి ఒక్క మేకు కనిపించేది కాదు. యుద్ధానికి పోయిన కుర్రవాళ్లు ఆ వాకిట్లోంచే పోయారు. పక్క ఊరి పెద్ద బడికి పోయే పిల్లలు రోజూ ఆ బల్లల మీదే హోంవర్కు రాసుకునేవాళ్లు. వాళ్లమ్మ ప్లాట్‌ఫారం మీద బెంతోలు, అంటే అన్నం డబ్బాలు, అమ్మి ఆయన్ను చదివించింది. తర్వాత కలప పని పోయింది. రోడ్డు పడింది. రైళ్లు తగ్గాయి. స్టేషన్ మాస్టరును తీసేశారు. అయినా ఊరి ఆడవాళ్లు వంతులు వేసుకుని ఊడ్చి, పూల కుండీలకు నీళ్లు పోసి కాపాడుకుంటూ వచ్చారు. చివరికి, పాత కట్టడం, భూకంపం వస్తే మనుషుల మీద పడుతుందని కూల్చేశారు. రైలు ఇప్పటికీ వస్తుంది, రేకుల షెడ్డు ముందు ఆగి పోతుంది.

"కూల్చేటప్పుడు నువ్వు ఊళ్లో ఉన్నావా?" అని అడిగాడు పెయింటరు.

"ఇక్కడే, మిష్రిఫ్‌లో ఉన్నా. అమ్మ ఫోన్లో చెప్పింది. స్టేషన్ పోయింది, నువ్వు వస్తే ఏ వాకిట్లోంచి వస్తావురా అని ఏడ్చింది."

ఆ తర్వాత ప్లైవుడ్ మాట మేమెవరం ఎత్తలేదు.

దేవదారు దొరకలేదు గాని, షువైఖ్ కలప మార్కెట్లో దానికి దగ్గరి చెక్క దొరికింది. చిత్రిక పడుతుంటే షాపంతా మంచి వాసన వచ్చేది. ఒక కొయ్య చివర నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో దానికి సరిపోయే బెజ్జం తొలిచి, రెండూ కలిపి చెక్క శీలతో బిగించే పద్ధతి నా చిన్నతనంలో మా నాయన చేస్తుంటే చూశాను. చూడటం వేరు, చేయడం వేరు. మొదట చేసిన అతుకులు చేత్తో కదిపితే పళ్లలా ఊగాయి. వాటిని పక్కన పారేశాను. తర్వాతవి అంత బిగుతై, సుత్తితో కొడితే కొయ్యే చీలింది. ముదీర్ తల పట్టుకున్నాడు. "మిషన్ ఉంది, స్క్రూలు ఉన్నాయి, ఏందయ్యా ఈ బాధ" అన్నాడు. నేను విననట్టు ఉన్నాను. ఒక రోజు మధ్యాహ్నం ఒక అతుకు చేతి సుత్తి దెబ్బలకు మెల్లగా లోపలికి దిగి, ఆఖరి దెబ్బకు చప్పుడు మారిపోయి, రెండు కొయ్యలూ ఒక్క కొయ్యలా నిలబడ్డాయి. నేను దాని మీద ఎక్కి తొక్కాను. కదల్లేదు. ముదీర్‌ను పిలిచి తొక్కమన్నాను. ఆయన మంచి బరువున్న మనిషి. అప్పుడు కూడా కదల్లేదు. "మాషా అల్లా" అని, ఇంక ఆ విషయంలో నోరెత్తలేదు.

సాల్మియాలో స్తంభాలు లేపి, పైన కప్పు ఎక్కించిన రోజు మాకు గర్వంగానే ఉంది. హాలు ఎత్తుకు తగ్గట్టు కప్పును కూడా ఎత్తుగా లేపాం. మేడమ్ చప్పట్లు కొట్టింది. షెఫ్ మాత్రం లోపలికి వచ్చి, ఒక చుట్టు తిరిగి, "బాగుంది" అన్నాడు. ఆ గొంతు వింటేనే బాగాలేదని తెలిసిపోయింది.

"ఏం తేడా ఉంది?" అన్నాను.

"తెలియడం లేదు, ఉస్తాద్. అన్నీ ఉన్నాయి. స్టేషన్ లేదు."

తర్వాతి రోజుల్లో కూడా అదే వరస. వచ్చి చూసేవాడు, బల్ల మీద కూర్చునేవాడు, లేచిపోయేవాడు. పెయింటరుకు ఓపిక పోయింది. "అన్నా, ఆయప్పకు కావాల్సింది ఆయన సిన్నతనం. అది మనకాడ యాడ దొరుకుతాది? ఖలాస్ చేసి పోదాం పా" అన్నాడు. నాకూ అదే భయం పట్టుకుంది. ఎంత కట్టినా ఆయన మనసులో ఉన్నదాన్ని అందుకోలేమేమో అనిపించింది.

అయినా ఒకసారి కూర్చోబెట్టి అడుగుదామనుకున్నాను. షెఫ్‌ను ఆ బల్ల మీద కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. "ఇది చలికాలం అనుకో. బడికి పోతున్నావు. రైలు ఇంకా రాలేదు. ఇక్కడి నుంచి నీకు ఏం కనిపిస్తోంది?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. "మంచు. ప్లాట్‌ఫారం మీద మంచు. మనుషుల బూట్లు. అమ్మ బూట్లు. రైలు వచ్చాక చక్రాలు."

"మొహాలు?"

"మొహాలు కనిపించవు."

"ఆకాశం?"

"ఆకాశం ఎట్లా కనిపిస్తుంది, చూరు అడ్డం ఉంటుంది కదా" అని టక్కున కళ్లు తెరిచాడు.

ఇద్దరం ఒక్కసారే తలెత్తి చూశాం. మేం కట్టిన చూరు ఎక్కడో పైన ఉంది. దాని కింద నుంచి గాజు తలుపు, రోడ్డు, సముద్రం, అంత ఆకాశం కనిపిస్తున్నాయి. ఫొటోలన్నీ నిలబడ్డవాళ్లు దూరం నుంచి తీసినవి కాబట్టి అందులో ఇది తెలియలేదు. ఆ ఊళ్లో మంచు నడుములోతు పడుతుంది. అది గోడల మీదికి జారకుండా చూరును బాగా ముందుకు లాగి, బాగా కిందికి దించి కట్టుకున్నారు. వాళ్ల నాన్న టోపీ దానికి తగిలేదన్న సంగతి కూడా అప్పుడే ఆయనకు గుర్తొచ్చింది. మంచు అన్నది ఎన్నడూ చూడని నేను, ఏసీ గొట్టాలను చూసి కప్పు ఎత్తు పెట్టాను.

మేడమ్‌కు చెప్పడానికి ఇద్దరం కలిసే పోయాం. అంత కప్పూ దించి, స్తంభాలు కోసి, మళ్లీ ఎక్కించాలి. ఆవిడ అంతా విని, "కిందికి దించితే చిన్నగా కనిపించదా?" అంది.

"అది చిన్నదే, మేడమ్" అన్నాడు షెఫ్.

ఆవిడ కాసేపు ఆయన మొహం చూసింది. "అయితే చిన్నదే కట్టండి. యల్లా, కానివ్వండి, ఎందుకు నిలబడ్డారు?" అంది.

దించి మళ్లీ కట్టాం. ఆ పనికి షాపులోని వాళ్లందరూ వచ్చారు. దూలం తాళ్లతో ఎత్తేటప్పుడు తెలుగు, అరబ్బీ, బెంగాలీ అన్నీ కలిసిపోయి ఒకటే అరుపు. చివరి వాసం కూర్చున్నాక షెఫ్ బల్ల మీదికి పోయి కూర్చున్నాడు. ఈసారి బాగుందని అనలేదు. తలెత్తి చూరు చూసుకున్నాడు. తర్వాత వంటింట్లోకి పోయి, మాకందరికీ అన్నం కలిపి, చేపముక్క పెట్టి, చిన్న చిన్న డబ్బాల్లో సర్ది తెచ్చి ఇచ్చాడు. ఆ బల్లల మీదే కూర్చుని తిన్నాం. ఆ స్టేషన్‌లో మొదటి భోజనం చేసింది మేమే.

తర్వాత పెయింటరు పని. కొత్త చెక్కను పాత చెక్క చేయాలి. రంగు డబ్బా తెరవొద్దని షెఫ్ ముందే అన్నాడు. మావాడు పాలు లేని సులేమానీ చాయ్‌కి మరిగించినట్టే టీ పొడి ఒక బిందెడు మరగబెట్టి చెక్కకు పూశాడు. ఇంకో డబ్బాలో వెనిగర్ పోసి, ఇనుప పీచు నానబెట్టి, ఆ నీళ్లు దాని మీద పూశాడు. మా కళ్ల ముందే తెల్ల చెక్క బూడిద రంగుకు, ఆపైన నలుపుకు తిరిగింది. టికెట్ కిటికీ పక్క స్తంభం భుజం ఎత్తులో మరీ నల్లగా, నున్నగా ఉండేదని షెఫ్ చెప్పాడు. రైలు కోసం చూసేవాళ్లు అక్కడే ఆనుకునేవాళ్లట. మావాడు పాత లుంగీ గుడ్డకు నూనె అద్ది, ఆ ఒక్క చోటే రోజుల తరబడి రుద్దాడు. "ఎంతమంది ఆనుకున్న్యారో ఏమో, అంతమంది పని నేనొక్కణ్ణే చేస్తాండా" అని గొణుక్కునేవాడు. పైన నిప్పు అంటుకోని వార్నిషు కూడా మెరుపు లేకుండా వేశాడు. తనిఖీకి వచ్చిన ఫైర్ ఆఫీసు మనిషి, ఇంత పాత చెక్క ఎక్కడి నుంచి దిగుమతి చేశారని మేడమ్‌ను అడిగాడు. ఆ సంగతి మావాడు హవల్లీలో మా బిల్డింగు మొత్తానికీ చెప్పాడు.

రంజాన్ పండగ తర్వాత తెరిచారు. మేడమ్ మమ్మల్నందరినీ పిలిచింది, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పోయాం. పెద్ద పెద్ద వాళ్లు వచ్చారు, జపాన్ వాళ్లు కూడా కొంతమంది ఉన్నారు. మేం ఒక మూలన నిలబడ్డాం. షెఫ్ వంటింట్లోంచి మాటిమాటికీ తల బయటికి పెట్టి వాకిలి వైపు చూస్తున్నాడు. ఎవరి కోసమో అర్థం కాలేదు.

గాజు తలుపు తీసుకుని మేడమ్ లోపలికి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ. నా భుజం కూడా అందదు. తల ముగ్గుబుట్ట. ఫొటోలో చూసిన మొహమే.

ఆవిడ చూరు కిందికి వచ్చి ఆగింది. పైకి చూసింది. టికెట్ కిటికీ చెక్క మీద అరచెయ్యి పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ పక్క స్తంభానికి, మావాడు రుద్ది రుద్ది నల్లగా చేసిన సరిగ్గా ఆ చోట, భుజం ఆనించి నిలబడి, రైలు వచ్చే వైపుకు మొహం తిప్పింది. పెయింటరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా, ఆనుకున్నాది సూడు, ఆనుకున్నాది" అన్నాడు.

షెఫ్ బయటికి వచ్చాడు. మెడకు తగిలించుకునే పళ్లెం ఒకటి ఆయన చేతుల్లో ఉంది. నిండా అన్నం డబ్బాలు. దాన్ని వాళ్లమ్మ మెడలో వేశాడు.

ఆవిడ పళ్లెం సర్దుకుంది. నడుము నిటారుగా పెట్టింది. గుండె నిండా గాలి పీల్చి అరిచింది.

"బెంతో... ఓ... బెంతో!"

అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ ఉందో తెలియదు. ఆగి ఉన్న రైలు ఆ చివరి పెట్టె దాకా వినిపించే గొంతు అది. గ్లాసులు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉన్నాయి. తర్వాత ఒక జపాన్ ముసలాయన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టాడు. అంతే, గోడలు అదిరాయి. మేడమ్ ఏడుస్తూ నవ్వుతూ ఉంది. ముసలావిడ రెండోసారి అరిచింది, మూడోసారి అరిచింది. బల్లల మధ్య నడుస్తూ ఒక్కొక్కరికీ డబ్బా అందించుకుంటూ మా మూలకు వచ్చింది.

మావాడికి డబ్బా ఇచ్చేసరికి వాడికి ఏమైందో ఏమో. గొంతు సవరించుకుని, "చాయ్! చాయ్! గరం చాయ్!" అని రైల్లో అరిచినట్టే ఒక అరుపు అరిచాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ ముసలావిడ ఆగి, తల వంచి విని, వాడి చెయ్యి పట్టుకుని, అదే రాగంలో "చాయ్, చాయ్" అంది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అరుచుకుంటూ హాలంతా తిరిగారు. కువైటీ పిల్లలు వాళ్ల వెనక వరస కట్టి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, రైలై పరిగెత్తారు. రైలు ఎక్కని పిల్లలు ఎందరో ఆ రోజు ఆ స్టేషన్ చుట్టూ కూత వేశారు.

పార్టీ అయ్యాక షెఫ్ మా ఇద్దరినీ వాళ్లమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ మా చేతులు తిప్పి తిప్పి చూసి ఏదో అంది.

"వడ్రంగి చేతులు అని గుర్తుపట్టింది" అన్నాడు షెఫ్. "ఇంకో మాట కూడా అంది. ఇక్కడి వాళ్లు నిలబెట్టగలిగారు, మా ఊరి వాళ్లకు ఏం రోగం వచ్చింది అంటోంది."

ఆ మాట ఏదో సంతోషంలో అన్నదనుకున్నాం. ఆవిడ ఊరికి పోయాక కమ్యూనిటీ హాలులో జనాన్ని కూర్చోబెట్టి, ఆ రోజు వీడియో వేసి చూపించిందట. చూసినవాళ్లెవరూ ఇళ్లకు పోకుండా, మన స్టేషన్ మళ్లీ కట్టాల్సిందేనని అక్కడే కూర్చున్నారట. అది మాటలతోనే ఆగిపోలేదు. ఊరివాళ్లు మున్సిపాలిటీ దగ్గరికి పోయారు, రైల్వే దగ్గరికి పోయారు. షెడ్డు పక్కనే ఉన్న ఖాళీ జాగా ఊరి పేరు మీదికి వచ్చింది. భూకంపానికి నిలిచేలా లోపల గట్టి ఏర్పాటు చేసి, పైకి మాత్రం పాతది ఎట్లా ఉండేదో అట్లాగే కడతామని ఊరివాళ్లు ఒప్పుకున్నారు. ఒక రోజు షెఫ్ పరుగున షువైఖ్ వచ్చి, "ఉస్తాద్, మా ఊరి వాళ్లకు కొలతలు కావాలంట" అన్నాడు.

ఒకప్పుడు కొలతల్లేక ఆయన్ను నేల మీద పడుకోబెట్టి కొలిచినవాళ్లం. ఇప్పుడు ఆ ఊరి స్టేషన్ కొలతలు ప్రపంచంలో మా దగ్గర మాత్రమే ఉన్నాయి. సాల్మియా పోయి, రెస్టారెంటు తెరవకముందే పొద్దున పూట, స్తంభం స్తంభానికీ టేపు పెట్టి, చూరు వాలు, వాసాల నడిమి ఎడం, కిటికీ చట్రం అన్నీ గీసి పంపాం.

అక్కడి వడ్రంగులు ఇద్దరు వీడియో కాల్ చేశారు. కుర్రవాళ్లే. వాళ్ల వెనక మంచు పడుతోంది, మా షాపు బయట ఎండ రేకులను కాలుస్తోంది. మూల అతుకు ఎట్లా చేశావని సైగలతో అడిగారు. నేను కెమెరా ముందు ఒకటి చెక్కి చూపించాను. వాళ్లు తమది చెక్కి చూపించారు. అది వేరేలా ఉంది, నాలుక చివర కొంచెం వంపు పెట్టి, బరువు పడేకొద్దీ బిగిసేలా ఉంది. నాకు నచ్చింది. "ఇంకోసారి చూపించండి" అని హిందీలో అడిగాను, వాళ్లకు అర్థమైంది. ఇప్పుడు నేను తలుపుల చట్రాలకు కూడా ఆ వంపు పెడుతున్నాను.

కప్పు లేపే ముందు షెఫ్ ఇంకో కబురు తెచ్చాడు. ఏ కట్టడమైనా లేపేటప్పుడు కట్టినవాళ్ల పేర్లు ఒక పలక మీద రాసి నడికొప్పు దూలానికి బిగించడం వాళ్ల ఆనవాయితీ. అందులో మా పేర్లు కూడా ఉండాలని ఊరు తీర్మానించిందట.

"ఇంగ్లీషులో రాసియ్యండి, వాళ్లు చెక్కుకుంటారు" అన్నాడు ముదీర్.

"ఇంగిలీసు ఎందుకుబ్బా?" అన్నాడు పెయింటరు.

మిగిలిన కలపలోంచి ఒక మంచి పలక తీసి నేను చిత్రిక పట్టాను. మావాడు సన్న కుంచె తీసుకుని, ఊపిరి బిగబట్టి, మా షాపులో ఆ పనికి చెయ్యి వేసిన ప్రతివాడి పేరూ రాశాడు. మా ఇద్దరివీ తెలుగులో, బెంగాలీ వాళ్లవి వాళ్ల చేత చెప్పించుకుని వాళ్ల అక్షరాల్లో, ముదీర్‌ది అరబ్బీలో. ముదీర్ తన పేరు దగ్గర చుక్క ఒకటి సరిగా పడలేదని మళ్లీ పెట్టించాడు. మేడమ్ ఆ పలకను పట్టుగుడ్డలో చుట్టుకుని తానే విమానంలో తీసుకుపోయింది.

స్టేషన్ తెరిచిన రోజు ఆవిడ అక్కడి నుంచి మాకు లైవ్ చూపించింది. షాపులో మిషన్లన్నీ ఆపేసి ఒక్క ఫోను చుట్టూ గుమిగూడాం. పూల కుండీలు. బడి పిల్లలు. మెడలో పళ్లెంతో షెఫ్ వాళ్లమ్మ. రెండు పెట్టెల చిన్న రైలు కొండ మలుపు తిరిగి వచ్చి, రేకుల షెడ్డు దాటి, కొత్త స్టేషన్ ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం కేకలు వేశారు. ఇక్కడ మేమూ వేశాం. ముదీర్ బల్ల మీద గుద్దాడు, పెయింటరు ఈల వేశాడు.

మేడమ్ ఫోనును పైకి ఎత్తి లోకప్పు చూపించింది. కొత్త దేవదారు ఎర్రగా మెరుస్తోంది. నడికొప్పు దూలం మీద రెండు పలకలు పక్కపక్కన బిగించి ఉన్నాయి. ఒకదాని మీద ఆ ఊరి వడ్రంగుల పేర్లు, రెండో దాని మీద మావి. ఒక చిన్న పాప నిచ్చెన పక్కన నిలబడి తల వెనక్కి వంచి మా పలకనే చూస్తోంది. తెలుగు అక్షరాల గుండ్రాలను చూపుడువేలితో గాల్లో రాస్తూ, నవ్వుతోంది.